ఎండాకాలంలో గైడు పని

ప్రశ్న: ఉదయగిరి కోట, భైరవకోన, నేలపట్టు పక్షుల కేంద్రం చూపిస్తూ గైడుగా బతుకుతున్నాను. కార్తీకం నుండి శివరాత్రి దాకా తీరిక ఉండదు గాని, ఎండలు ముదిరాక రోజుల తరబడి పిలిచేవారే ఉండరు. వృత్తి మార్చుకోవడమే మేలంటారా?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: వదులుకోవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. నేలపట్టులో కడప అనే జాతి చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్ పక్షులు) పిల్లలు ఎదిగాక వెళ్లిపోతాయి కనుక, వేసవిలో అక్కడ పని దొరకదన్నది నిజమే. కాని వైశాఖంలో పెంచలకోన, జొన్నవాడ బ్రహ్మోత్సవాలకు దూరప్రాంతాల కుటుంబాలూ వస్తాయి. అక్కడి లాడ్జీలవారితో, కారు డ్రైవర్లతో ముందుగానే మాట్లాడి పెట్టుకోండి.

మిగిలిన తీరికను చదువుకు వాడండి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని ఒడిశా గజపతి రాజుల నుండి గెలిచారని అందరూ చెబుతారు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తరలించి, దానికోసం కట్టించిన ఆలయంలో ప్రతిష్ఠించారని కూడా మీరు చెప్పగలిగితే, శిథిలాలు తప్ప ఏమీ లేవనుకున్న యాత్రికుడు ఆ కొండ మీద మరికాసేపు నిలబడతాడు. భైరవకోనలోని ఎనిమిది గుహాలయాలను పొద్దున్నే, ఎండ ఎక్కకముందే తీరిగ్గా పరిశీలించి, ఒకదానికీ మరొకదానికీ చెక్కడంలో ఉన్న తేడాలను నోటుపుస్తకంలో రాసుకోండి. కార్తీకమాసపు రద్దీలో ఆ వీలు చిక్కదు.

రాబడి విషయంలో, సీజనులో వచ్చినదానిలో కొంత విడిగా దాచుకోవడం తప్ప దగ్గరి దారి లేదు. పని లేదని సగం ధరకు మాత్రం ఒప్పుకోకండి. రేపు కార్తీకంలోనూ అదే ధర అడుగుతారు.