ఫ్లైఓవర్ మీద యూ టర్న్ చెప్పకే కోడలా

విజయవాడ

కోడలు పిల్లకి,

ఉద్యోగం మానేసి డ్రైవర్లకి దారి చూపే యాప్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే, గుండెల్లో కాస్త గుబులు కూడా. సినిమా టిక్కెట్ల యాప్ తప్పు చేస్తే పోయేది సీటు. ఇక్కడ పోయేదేంటో నీకు చెప్పాలా?

చిన్నవి ముందు. బండి కదులుతుండగా టైపు చేయించకు. ఫోన్లో బటన్‌కి 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర మీద సైజు కొలిచే యూనిట్) చాలు, కారు తెర మీద గూగుల్ 76 అడుగుతుంది. తెలుగు వరుసల మధ్య చోటు ఎక్కువివ్వు, లేకపోతే 'లక్ష్మి'లో కింద వేలాడే మావత్తు తెగుతుంది. మ్యాపులో ఎంజీ రోడ్డని ఉన్నా ఇక్కడ అందరి నోటా బందరు రోడ్డే, యాప్ గొంతు కూడా అదే పలకాలి. ఓబీడీ సాకెట్‌లో, అదే బండి కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్‌లో, 16వ పిన్‌కి తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. అందులో గుచ్చే డాంగిల్ నిద్రపోకపోతే వారం నిలబెట్టిన బండి బ్యాటరీ దిగుతుంది, తిట్లు నీకు.

ఇక ఫ్లైఓవర్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

ఆకాశం బాగా కనబడేచోట కూడా ఫోన్ జీపీఎస్‌కి ఓ 5 మీటర్లు అటూ ఇటూ తప్పదు. ఎత్తు లెక్క అంతకన్నా అధ్వానం. బెంజ్ సర్కిల్ దగ్గర పైన పోతున్నవాడిని కింది రోడ్డులో ఉన్నాడనుకుని "ఎడమకి తిరగండి" అంటుంది యాప్. వాడు తెర వంక చూస్తూ బ్రేకు తొక్కుతాడు, వెనక లారీ. 60 వేగంలో 2 సెకన్లంటే 33 మీటర్లు కళ్లు మూసుకుని పోయినట్టే. కనకదుర్గ ఫ్లైఓవర్ కిందైతే ఒక పక్క కొండ, నెత్తిన కాంక్రీటు. జీపీఎస్ సిగ్నల్ వాటికి తగిలి తిరిగొస్తుంది, మ్యాపులో బండిని చూపే చుక్క వెళ్లి కృష్ణలో దూకుతుంది.

అందుకని ఫ్లైఓవర్, పక్క రోడ్డు విడిపోయే చీలిక రాకముందే తేల్చెయ్. 500 మీటర్ల ముందొకసారి, 200 దగ్గర ఇంకోసారి: "ఫ్లైఓవర్ ఎక్కొద్దు, ఎడమ పక్క రోడ్డు." దాటాక వరసగా మూడు చుక్కలు తేడా వస్తేనే దారి మార్చు. అప్పుడైనా యూ టర్న్ మాటెత్తావో, చెవి మెలేస్తాను! దిగేదాకా తిన్నగా పొమ్మను. గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉన్న ఫోనైతే 8 మీటర్లు ఎక్కేసరికి పీడనం దాదాపు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. డోరు గట్టిగా వేసినా ఆ అంకె కదులుతుంది కనక ఒక్క రీడింగ్ నమ్మకు, ర్యాంపు పొడుగునా తగ్గుతూ వచ్చిందా చూడు. ఆటోవాళ్ల చవక ఫోన్లలో అది చాలావాటికి ఉండదు. అలాంటప్పుడు పైనో కిందో తేలకపోతే యాప్ నోరు మూసుకోవాలి, అంతే.

పరీక్షకి ఒక్కదానివే స్టీరింగ్ పట్టుకుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోకు తల్లీ. ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద ఒకసారి, సోమవారం సాయంత్రం రద్దీలో ఒకసారి, రెండుసార్లూ బండి నేను నడుపుతాను. నువ్వు వెనక సీట్లో కూర్చో. బెల్టు పెట్టుకుని.

మీ మామయ్య