హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు కొన్ని క్యాన్సర్లు ఎందుకు ఎక్కువ?

హెచ్‌ఐవీ చాలావరకు నేరుగా క్యాన్సర్ తెప్పించదు. క్యాన్సర్ తెచ్చే వేరే వైరస్‌లను అణచిపెట్టే రోగనిరోధక శక్తిని దెబ్బతీయడం వల్లే ముప్పు పెరుగుతుంది.

ఆరోగ్యవంతుల రక్తంలో, ఒక్కో ఘన మిల్లీమీటరుకు సుమారు 500 నుంచి 1500 దాకా సీడీ4 కణాలు (ఒక రకం తెల్లరక్త కణాలు) ఉంటాయి. వైరస్ సోకిన కణాలను చంపే టీ కణాలకు దన్ను ఇవే. హెచ్‌ఐవీ తినేసేది సరిగ్గా వీటినే. అవి 200 లోపుకు పడితే హెచ్‌హెచ్‌వీ-8 అనే హెర్పిస్ వైరస్ వల్ల కపోసి సార్కోమా (ఎక్కువగా చర్మంపై మచ్చలుగా కనిపించే క్యాన్సర్), ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) వల్ల కొన్ని లింఫోమాలు (లింఫు కణాల క్యాన్సర్లు) తలెత్తే అవకాశం బాగా ఎక్కువ.

చంద్రగిరి నుంచి తిరుపతికి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే) మందులకు వచ్చే 32 ఏళ్ల మహిళ ఉందనుకుందాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ సోకితే చాలామందిలో ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. ఈమెలో తిష్ఠ వేయొచ్చు. అందుకే హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు దాదాపు 6 రెట్లు. 25 ఏళ్ల నుంచే స్క్రీనింగ్ మొదలుపెట్టాలి. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష మేలు. అది దొరకని చోట ముఖద్వారానికి 3–5 శాతం ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్ ఘాటే) రాసి, నిమిషం ఆగి చూస్తారు. తెల్లమచ్చ తేలినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, చికిత్సో తదుపరి పరీక్షో కావాలని.

‘సీడీ4 పెరిగింది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కనపడట్లేదు, ఇక పరీక్షలెందుకు?’ అన్నదే పెద్ద పొరపాటు. ఏఆర్‌టీతో కపోసి ముప్పు బాగా తగ్గుతుంది గానీ, ముఖద్వారంలో అప్పటికే మారిన కణాలు అన్నిసార్లూ తిరిగి మామూలు స్థితికి రావు.