బుల్లెట్ క్రాంక్‌ను ఇంట్లో బ్యాలెన్స్ చేయొచ్చా?

ప్రశ్న: పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350కి రీబోర్ చేయించి పిస్టన్, రాడ్ కిట్ మార్చాం. కొత్త పిస్టన్ 20 గ్రాములు ఎక్కువ. 60 స్పీడు దాటితే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. క్రాంక్ ఇంట్లోనే బ్యాలెన్స్ చేసుకోవచ్చా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: చేసుకోవచ్చు. అయితే ఆ 20 గ్రాములను అనుమానించకండి. పిస్టన్, రింగులు, పిన్, సర్‌క్లిప్పులు కలిపి 400 గ్రాములు, రాడ్ స్మాల్ ఎండ్ (పిస్టన్‌కు తగిలే చివర) 150 అనుకుందాం. మొత్తం 550. క్రాంక్‌కు రెండు పక్కలుండే బరువైన చక్రాలు, అంటే ఫ్లైవీళ్లలో దీనికి ఎదురుగా 330 గ్రాములుంటే బ్యాలెన్స్ ఫ్యాక్టర్ (ఆ మొత్తంలో ఎదురు బరువు వాటా) 60 శాతం. పాత పిస్టన్‌తో అదే 62. ఈ తేడాకు చేతులు తిమ్మిరెక్కవు. రాడ్ కిట్ కోసం క్రాంక్ విప్పారు కదా, అలైన్‌మెంట్ చూడండి. డయల్ గేజ్‌లో షాఫ్టు ఊగు 0.05 మి.మీ. దాటితే ముందు అది సరిచేయాలి. ఇంజిన్ మౌంటింగ్ బోల్టులూ బిగించి చూడండి.

ఇక బ్యాలెన్స్. స్మాల్ ఎండ్ తూచేటప్పుడు రాడ్ అడ్డంగా, సమంగా ఉండాలి. బిగ్ ఎండ్‌కు (క్రాంక్‌పిన్‌కు తగిలే రెండో చివరకు) విడిగా ఆసరా ఇచ్చి, ఈ చివరను మాత్రమే తూకం మీద పెట్టండి. క్రాంక్ షాఫ్టులను రెండు వైపులా రెండేసి చిన్న బాల్ బేరింగుల మీద ఆనించండి. బేరింగుల్లో గ్రీజు ఉంటే క్రాంక్ ఎక్కడ ఆపినా ఆగిపోయి మోసం చేస్తుంది, పెట్రోల్‌తో కడిగేయండి. రాడ్ కిందికి వేలాడుతుండగా స్మాల్ ఎండ్‌కు 330 – 150 = 180 గ్రాములు కట్టండి. ఎటు తిప్పి వదిలినా క్రాంక్ అక్కడే నిలవాలి.

క్రాంక్‌పిన్ వైపు దిగితే ఆ వైపే బరువు తీయాలి, ఎదురు వైపు దిగితే అటు. ఎంత? నిలిచేదాకా తేలిక వైపు, కేంద్రం నుంచి 45 మి.మీ. దూరంలో (90 స్ట్రోక్‌లో సగం) మైనం అంటించి తూచండి. 40 గ్రాములు పట్టిందనుకోండి. కన్నం 75 మి.మీ. దూరంలో వేస్తే 40 × 45 ÷ 75 = 24; ఒక్కో ఫ్లైవీల్‌కు 12 గ్రాములు. ఉక్కులో 10 మి.మీ. డ్రిల్లు సుమారు 20 మి.మీ. లోతు దిగాలి. పిన్ కన్నానికి దగ్గరగా వేయొద్దు, అక్కడ పగులు పుడుతుంది. ఆయిల్ దారులు ముందే మూసెయ్యండి. లోపల చిక్కిన రజను కొత్త బిగ్ ఎండ్‌ను తినేస్తుంది.

సింగిల్ సిలిండర్‌లో వణుకు పూర్తిగా పోదు. ఫ్యాక్టర్ పెంచితే పైకీ కిందికీ ఉన్నది ముందుకూ వెనక్కూ మారుతుంది, అంతే.

ప్రశ్న: మారుతి 800 క్రాంక్‌కు ఇదే పద్ధతి పనికొస్తుందా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: రాదు. మూడు సిలిండర్ల క్రాంక్ ఇలా పెడితే ఎటు తిప్పినా నిలబడొచ్చు. ఒక చివర పైకి, రెండో చివర కిందికి లాగే అసమతుల్యం తిరుగుతున్నప్పుడే బయటపడుతుంది. డైనమిక్ బ్యాలెన్సింగ్ యంత్రం ఉన్న షాపుకే ఇవ్వండి.