పాత స్క్రిప్టులు ఆగకుండా నెట్‌వర్క్ అమరికలు

ప్రశ్న: మా సంస్థ నడిపే చిన్న క్లౌడ్ వేదికలో, ఏపీఐ (ప్రోగ్రాములు వేదికకు అభ్యర్థనలు పంపే మార్గం) ద్వారా ఎవరు కొత్త నెట్‌వర్క్ సృష్టించినా 10.0.0.0/16 అనే ఐపీ అడ్రసుల శ్రేణే వస్తోంది. దానిని వినియోగదారులే ఎంచుకునేలా మార్చాలంటే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఈ మార్పు ఎంతో అవసరం. అనంతపురం కార్యాలయం, కర్నూలు శాఖ ఒకే శ్రేణిని వాడుతుంటే, వాటిని వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా నడిచే సురక్షిత అనుసంధానంతో) కలిపినప్పుడు ఏ ప్యాకెట్ (డేటా ముక్క) ఎటు పోవాలో రూటర్ తేల్చుకోలేదు. అభ్యర్థనలో శ్రేణిని తెలిపే కొత్త ఫీల్డును ఐచ్ఛికంగానే ఉంచండి. అది లేకుండా వచ్చే అభ్యర్థనలకు ఇప్పటి శ్రేణినే డిఫాల్టుగా (ఏమీ చెప్పనప్పుడు వర్తించే విలువగా) ఇవ్వండి; అప్పుడు పాత స్క్రిప్టులు ఆగవు.

అసలు శ్రమంతా తనిఖీలో ఉంది. 1996లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పత్రం ప్రైవేటు వాడకానికి కేటాయించిన 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 శ్రేణులలోనే అడిగినది ఉందా, మీ వేదిక అంతర్గత సేవల శ్రేణితోగాని, దానితో కలపబోయే మరో నెట్‌వర్క్‌తోగాని అతివ్యాప్తి చెందుతోందా అని చూసి, తప్పుంటే కారణాన్ని స్పష్టంగా చెప్పే 400 (అభ్యర్థనలోనే తప్పుందనే కోడ్) దోషసందేశంతో తిరస్కరించాలి. చెల్లని విలువను పక్కన పెట్టి, చెప్పకుండా డిఫాల్టును ఇవ్వడం అన్నిటికన్నా హానికరమని నా అభిప్రాయం. కనిష్ఠ పరిమాణాన్నీ నిర్ణయించండి (గీత తర్వాతి సంఖ్య పెరిగేకొద్దీ శ్రేణి చిన్నదవుతుంది): /28లో ఉండేవే 16 అడ్రసులు, అమెజాన్ క్లౌడ్‌లోనైతే ప్రతి సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని ఉపభాగంలో) 5 అడ్రసులను వేదికే అట్టిపెట్టుకుంటుంది.

యంత్రాలు చేరిన తర్వాత శ్రేణిని మార్చనివ్వకండి. అదనపు శ్రేణిని జోడించే మార్గం చాలు. అమలైన విలువను, అది డిఫాల్టే అయినా, ప్రతిస్పందనలో తప్పక చూపండి.