వయసైపోయిన బాక్సింగ్ ఛాంపియన్లు చివర్లో కుర్రాళ్ళతో తలపడి పరువెందుకు పోగొట్టుకుంటారు?

అడిగినవాళ్ళ మనసులో ఉన్నది మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ మైక్ టైసనేనని తెలుస్తూనే ఉంది. 2024 నవంబరులో, టెక్సాస్‌లో, 58 ఏళ్ళ మనిషి, యూట్యూబ్‌లోంచి బాక్సింగ్‌కి వచ్చిన 27 ఏళ్ళ జేక్ పాల్‌తో ఎనిమిది రౌండ్లు ఆడి ఓడిపోయాడు. మనకది శనివారం పొద్దున. గుంటూరులో మా ఇంట్లో ఇడ్లీ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని నేనూ కూర్చున్నా. ఆట చూసింది తక్కువ, నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయి తెర మీద గిర్రున తిరిగే చక్రాన్ని చూసింది ఎక్కువ. నెలనెలా డబ్బులు కోసుకునేటప్పుడు మాత్రం ఏ చక్రమూ తిరగదు.

సరే, నా పేచీ "పరువు" అన్న మాటతో. ఈ మాటనేవాళ్ళంతా పెద్దాయన వైపు నుంచే చూస్తారు. ఎదురుగా నిలబడ్డ కుర్రాడి అవస్థ ఎవరికీ పట్టదు. ఆ కుర్రాణ్ణి నేను. జేక్ పాల్‌ని కాదు లెండి. 1995లో, నా పందొమ్మిదో ఏట, మా మాస్టారు ఆడిన ఆఖరి పోటీలో అవతల ఉన్నది నేనే.

మాస్టారిది రైల్వే ఉద్యోగం. కుర్రతనంలో వరసగా మూడేళ్ళు రాష్ట్ర ఛాంపియన్. డ్యూటీ దిగాక ఓ రేకుల షెడ్డులో మాకు నేర్పేవారు. పంచింగ్ బ్యాగు కొనే స్తోమత ఎవరికుంది? మిర్చి యార్డు నుంచి ఖాళీ టిక్కీ గోతాలు తెచ్చి, రెండు పొరలుగా కుట్టి, లోపల పాత బట్టలూ రంపంపొట్టూ కూరి దూలానికి వేలాడదీసేవాళ్ళం. ఎంత దులిపినా ఆ గోతంలో ఘాటు చావదు. గట్టిగా ఒకటి గుద్దితే ఎర్రటి దుమ్ము లేచి కళ్ళు భగ్గుమనేవి, తుమ్ములే తుమ్ములు. మాస్టారు మాత్రం "రెప్ప వెయ్యమాకండ్రా, రెప్ప పడ్డప్పుడే గుద్దు పడేది" అనేవారు. ఇప్పుడు మా వీధి పిల్లలు చేతికి కట్టు కట్టుకోవడం రాకముందే రీలు తీసి పెట్టేస్తున్నారు. ఆ ఏడుపు ఇంకోసారి ఏడుస్తా.

అంతకుముందు నవంబరులో, అంటే 1994లో, జార్జ్ ఫోర్‌మన్ 45 ఏళ్ళ వయసులో 26 ఏళ్ళ మైకేల్ మూరర్‌ని పదో రౌండులో పడగొట్టి మళ్ళీ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అప్పటిదాకా పాయింట్లలో వెనకబడే ఉన్నాడు. ఇరవయ్యేళ్ళ కిందట మహమ్మద్ అలీ చేతిలో ఓడిన రోజు వేసుకున్న ఎర్ర నిక్కరే పనిగట్టుకుని వేసుకొచ్చాడు కూడా. ఆ పేపరు ముక్క కత్తిరించి మాస్టారు పర్సులో పెట్టుకున్నారు. ఆయనకప్పుడు 42. రోజుకోసారి తీసి చూసుకుంటుంటే మాకు అనుమానమొచ్చింది, ఈయన ఊరుకునేలా లేరని.

సంక్రాంతి వెళ్ళాక ఓ కాలేజీ గ్రౌండులో పోటీ పెట్టారు. బల్లలు పేర్చి, వాటి మీద కొబ్బరిపీచు పరుపులు, ఆ పైన టార్పాలిన్. అదే రింగు. రెండేసి నిమిషాల మూడు రౌండ్లు, పేరుకి ప్రదర్శన పోటీ. ఎదురు ఎవరంటే మాస్టారు నా పేరు చెప్పారు. "గురువు మీద చెయ్యెత్తుతావంట్రా" అని మా నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు.

జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దు, వేసిన చెయ్యి వెళ్ళిన దారినే గడ్డం దగ్గరికి తిరిగి రావాలి. మాస్టారు మా చేత వల్లె వేయించిన మాట ఇది. ఆ రోజు ఆయన ఎడం చెయ్యి వెళ్ళడం పాత విసురుతోనే వెళ్ళింది. తిరిగి రావడమే ఆలస్యం, అదీ రొమ్ము ఎత్తున. గడ్డం ఖాళీ. నా కుడి చేతికి అంతకంటే ఏం కావాలి? మొదటి రౌండులో నాలుగుసార్లు చూశా, నాలుగుసార్లూ వేసినట్టే వేసి భుజానికి తగిలించా. ఐదోసారి ఆయన నన్ను వాటేసుకుని పట్టేశారు. నోట్లో పళ్ళకి కాపుగా పెట్టుకునే గమ్ షీల్డు అడ్డం పడుతున్నా, నా చెవిలో, "కొడతన్నావా, నలుగు పెడతన్నావా?" అన్నారు.

రెండో రౌండులో వేశా. గడ్డం మీద పడింది గానీ చేతికి ఏమీ తెలియలేదు. చేతికి తెలియని గుద్దే సరిగ్గా పడ్డ గుద్దు. మాస్టారు ఒక మోకాలి మీద కూర్చుండిపోయారు. గమ్ షీల్డు సగం బయటికొచ్చి, దాని అంచు నుంచి ఉమ్ము తీగలా సాగింది. రిఫరీ లెక్కపెడుతుంటే ఆయన నా వంక చూడలేదు. టార్పాలిన్ మీద ఆనించిన తన ఎడం గ్లోవునే చూసుకుంటున్నారు. జనంలో ఎవడో ఈల వేస్తే పక్కవాడు నోరు మూయించాడు. ఎనిమిది దగ్గర లేచారు.

మూడో రౌండులో ఆయన ఎడం చేత్తో పక్క నుంచి వంచి వేసిన హుక్ ఒకటి నా కుడి డొక్కలో, లివర్ మీద దిగింది. ఊపిరి అందలేదు. కింద పడకుండా ఆయన మీదే ఒరిగి నిలబడ్డా. ఈ ఒక్క విషయంలో నేనెవరితోనైనా వాదిస్తా: వయసు మీద పడ్డ బాక్సరుకి ముందు కాళ్ళు పోతాయి, తర్వాత కంటికీ చేతికీ ఉన్న పొత్తు పోతుంది, గుద్దులో బలం అన్నిటికంటే ఆఖర్న పోతుంది. ఫోర్‌మన్ ఒక సాక్షి, నా డొక్క రెండో సాక్షి.

రిఫరీ నా చెయ్యెత్తాడు. రింగు వెనక్కెళ్ళి ఏడ్చా. సిగ్గేం లేదు, ఇది పెద్దపెద్దవాళ్ళకే తప్పలేదు. 1951లో 37 ఏళ్ళ మాజీ ఛాంపియన్ జో లూయిస్‌ని ఎనిమిదో రౌండులో పడగొట్టిన రాకీ మార్సియానో, తర్వాత లూయిస్ గదికెళ్ళి ఏడ్చాడు. 1980లో ఛాంపియన్ లారీ హోమ్స్ ముందు నిలబడ్డది, ఒకప్పుడు తను ప్రాక్టీసులో జోడీగా ఆడిన అలీ. అలీకి 38, హోమ్స్‌కి 30. కొట్టబుద్ధి కాకపోయినా హోమ్స్ కొడుతూనే పోయాడు. పదో రౌండయ్యాక అలీ మూల నుంచి అతని కోచ్ ఏంజెలో డండీ ఆపించాడు. గెలిచిన హోమ్స్ ఏడ్చాడు. జేక్ పాల్ సైతం ఆఖరి గంట మోగకముందే టైసన్‌కి వంగి దణ్ణం పెట్టాడు.

అన్నిసార్లూ పెద్దవాళ్ళే ఓడతారనీ లేదు. 2019 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన జట్టు ఎంపిక పోటీల్లో 36 ఏళ్ళు దాటిన మేరీ కోమ్ మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ని 9-1తో ఓడించింది. చెయ్యి కలపలేదని మనవాళ్ళంతా ఆవిణ్ణి తిట్టిపోశారు. పోనీలే, నలుగైతే పెట్టలేదు కదా అనుకున్నా నేను. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది.

డబ్బు కోసం దిగుతారని కొందరంటారు. జో లూయిస్ నెత్తిన పన్నుల బాకీ ఉన్న మాట నిజమే. మా మాస్టారికి దక్కింది మాత్రం ఒక శాలువా.

ఆ రాత్రి శంకర్ విలాస్ సెంటర్లో టీకి ఆగాం. పెదవి చిట్లడంతో ఆయన టీ సాసర్లో పోసుకుని ఒక పక్క నుంచి జుర్రుతున్నారు. ఉండబట్టలేక అడిగేశా, "ఎందుకు మాస్టారూ ఇదంతా?"

"చెయ్యి ఆలస్యమవతందని రెండేళ్ళుగా అనుమానంరా. అద్దంలో కనపడదు గదా. ఎవడో ఒకడు చెప్పాల. ముక్కూ మొహం తెలియనోడి కంటే నువ్వైతే..." అని ఆపేసి, "రెండు మిరపకాయ బజ్జీలు చెప్పు" అన్నారు.

చిట్లిన పెదవితో రెండూ తిన్నారు. కళ్ళెర్రబడ్డాయి గానీ రెప్ప పడలేదు.

మర్నాడు సాయంత్రం నేను షెడ్డుకి వెళ్ళేసరికి మాస్టారు దబ్బనంతో గోతానికి చిరుగు కుడుతున్నారు. తలెత్తకుండానే, "నీ కుడి చెయ్యి కూడా తిరిగొచ్చేటప్పుడు కిందికి జారతంది, చూసుకో" అన్నారు.