నీ కాపీ నువ్వు తీసుకో బిడ్డా

బిడ్డా స్వప్నా,

చిన్న సినిమాలు తీసే నీ దోస్తుల తరఫున ఒక ఓటీటీ మీద, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్‌కు పోతున్నావట, నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దేవరకొండ పిల్ల ఢిల్లీ దాకా కొట్లాడుతుందంటే సంబరమే, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

చట్టం నాకంటే నీకే ఎక్కువ తెలుసు. సినిమా మాకొక్కరికే ఇవ్వాలనే ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం అన్నంత మాత్రాన తప్పు కాదు, దానివల్ల పోటీ దెబ్బతిన్నదని కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3(4) కింద చూపించాలి. వాళ్లేమో కాపీరైట్ అని, అట్లాంటి హక్కులు కాపాడుకోనిచ్చే 3(5) అడ్డం పెడతారు. 2013లో బీసీసీఐకి 52.24 కోట్ల జరిమానా పడ్డది ఐపీఎల్ ప్రసార హక్కులు ఒకరికే అమ్మినందుకు కాదు, దానికి పోటీగా ఇంకో లీగ్‌ను రానివ్వబోమని ఒప్పందంలో రాసిచ్చినందుకు. ట్రిబ్యునల్ కొట్టేస్తే 2017లో కమిషన్ మళ్లీ అంతే వేసింది. నువ్వు కూడా అట్లాంటి వాక్యం పట్టుకోవాలి. ఫిర్యాదుకున్న మూడేళ్ల గడువు మరువకు.

ఆ వాక్యం ఒప్పంద కాగితంలోనే దొరుకుతుంది. నా భయమంతా ఆ కాగితం గురించే.

1997లో నేను కేబుల్ నడిపేటప్పుడు, మాకు సిగ్నల్ ఇచ్చే పెద్దాయన జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేయమన్నాడు. ఇంకెవరి దగ్గరా సిగ్నల్ తీసుకోవద్దని అందులో ఉందట, నేను చదివితే కదా! ఆర్నెల్లకు రేటు డబుల్ చేశాడు, కట్టలేనంటే క్రికెట్ మ్యాచ్ నడుస్తుండగా చానెల్ ఆపేశాడు. జనం మన గడప ముందుకొచ్చారు. ఒకాయన చెప్పులతోనే లోపలికొచ్చి మా టీవీ ఆన్ చేసి చూశాడు, నేనొక్కణ్నే చూస్కుంటున్నానేమోనని. అక్కడా తెర నిండా చీమలే. పాపం, మీ అత్త ఆయనకు కూడా చాయ్ ఇచ్చింది. తెల్లారి వకీలు దగ్గరికి పోతే ఆయన అడిగిన మొదటి మాట, కాగితం ఏది అని. కాపీ తీసుకుంటే కదా, ఉండడానికి! సగం కనెక్షన్లు పోయాయి. చానెళ్లు అడిగిన ఆపరేటర్లందరికీ ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్ వచ్చింది 2004లో, మాకు అప్పటికే ఆలస్యం. మీ ఓటీటీలకైతే ఆ రూల్ కూడా లేదు.

అందుకే నీ దోస్తుల ఒప్పందాలు ప్రతి పేజీ తెప్పించు, వాట్సాప్ ఫొటోలు నమ్మకు. కాపీ లేదన్నవాడిని తిట్టకు, వాడు నాలాంటోడే.

దసరాకు ఫైలు పట్టుకుని రా, ఆ ఇంగ్లీషు నాకు చదివి చెప్పు. ఈసారి సంతకం పెట్టకముందే వింటాను.

మీ మామ