సెల్లార్ బాగుచేయిద్దామనుకుంటున్నారా, ముందు నీళ్ళ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నమస్తే సార్. మాది విశాఖ వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర సందులో ఇల్లు, మా నాన్నగారు 1986లో కట్టించారు, కింద సెల్లార్, పైన రెండు ఫ్లోర్లు. సెల్లార్ ఇన్నాళ్ళూ ఒక వ్యాపారికి గోడౌన్‌గా ఇచ్చాం, ఆయన ఖాళీ చేశాక చూస్తే గోడలకి నడుమెత్తు దాకా తెల్లగా ఉప్పు లేచిపోయింది, ఒకచోట పైన శ్లాబు పెచ్చులూడి ఊసలు కనిపిస్తున్నాయి. అక్టోబర్, నవంబర్‌లో అయితే నేలా గోడా కలిసే దగ్గర నీళ్ళు ఊరతాయి. కాంట్రాక్టర్ టైల్స్, పుట్టీ, ఫాల్స్ సీలింగ్ అన్నీ కలిపి నాలుగున్నర లక్షలన్నాడు. చేయించి పిల్లల ట్యూషన్ సెంటర్‌కి అద్దెకిద్దామని మా ఆలోచన. (పేరు వద్దన్నారు)

జవాబు: బాబూ, ట్యూషన్ సెంటర్ ఆలోచన ముందు మానేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. 2024 జులై 27న ఢిల్లీలో ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వర్షపు నీళ్ళు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు, అది నేను మర్చిపోలేను. మూడడుగుల వెడల్పు తలుపుకి బయట రెండడుగుల నీళ్ళు నిలబడితే దాని మీద దాదాపు 170 కేజీల ఒత్తిడి పడుతుంది, పదేళ్ళ పిల్లాడు కాదు కదా పెద్దాళ్ళు కూడా తొయ్యలేరు. మీ సందులో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి ఉంటారు, ఒకప్పుడు ఇంటి కంటే కిందున్న రోడ్డు ఇప్పుడు పైకొచ్చేసి ఉంటుంది, పక్కన గెడ్డ, అంటే పెద్ద కాలవ, పొంగిందంటే నీళ్ళు ముందు దిగేది మీ సెల్లార్‌లోకే. పైగా మన బిల్డింగ్ రూల్స్‌లో సెల్లార్ అంటే పార్కింగ్‌కే, మనుషులు కూర్చోడానికి కాదు. సామాను పెట్టుకోడానికైనా ముందు రూల్స్ కనుక్కోండి.

ఇక రిపేరు. మీ కాంట్రాక్టర్ చెప్పిన మూడూ జబ్బుని దాచేవే కానీ తగ్గించేవి కావు. ఈ మాట ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒకరింట్లో చెమ్మ గోడకి సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించి రంగేయించాను, వాళ్ళు చాలా సంతోషించారు, తర్వాతొచ్చిన వానాకాలానికి మొత్తం పొక్కులొచ్చి ఊడిపోయింది, ఆ ఇంటావిడ ఒక్క మాట కూడా అనకుండా ఊడిన పెళ్ళలు చీపురుతో ఎత్తుకోవడం చూసి చాలా బాధపడ్డాను. అప్పట్నించి నీళ్ళు ఎక్కణ్ణించొస్తున్నాయో తేలకుండా తాపీ పట్టనివ్వను.

అది తేల్చడం పెద్ద ఖర్చు పని కాదు. రెండడుగుల పాలిథిన్ షీట్ ముక్క గోడకి నాలుగు వైపులా టేపేసి రెండ్రోజులుంచండి, షీట్ వెనకాల గోడ వైపు తడుంటే నీళ్ళు గోడలోంచి వస్తున్నట్టు, మన వైపు చెమ్మ పడితే అది సముద్రపు గాలిలో తేమ, దానికి గాలాడేలా ఫ్యాన్లు, కిటికీలు చాలు. తర్వాత ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీళ్ళ మీటరు చూడండి, తిరుగుతుంటే పైపు ఎక్కడో లీకు. మున్సిపల్ నీళ్ళు వదిలే టైమ్‌లోనే ఊట పెరిగినా అదే అనుమానం. వాసనొస్తే డ్రైనేజీ. వాన పడిన ఒకట్రెండు రోజులకి మొదలైతే అది భూమిలో నీరు, మీ ఉత్తరం బట్టి మీది ఇదే అనిపిస్తోంది, మనకి తుపానులొచ్చేదీ ఆ నెలల్లోనే కదా.

భూమిలో నీరైతే గోడకి పెయింట్ లాంటి వాటర్‌ప్రూఫింగ్ ఒక్కటే సరిపోదు. బయట నీటిమట్టం సెల్లార్ నేల కంటే మీటరు పైకి లేస్తే కిందనుంచి చదరపు మీటరుకి టన్ను చొప్పున పైకి తోస్తుంది, పల్చటి ఫ్లోరింగ్ దానికాగదు, పగులుతుంది. అందుకే నీళ్ళని పూర్తిగా ఆపేద్దామని కాకుండా దారి చూపించాలి. నేలా గోడా కలిసే జాయింట్‌లో చిల్లులు వేసి పీయూ గ్రౌటింగ్ (పగుళ్ళలోకి పాలీయురేథేన్ రసాయనం ఎక్కించడం) చేయించి, పాత ప్లాస్టర్ కాంక్రీటు దాకా చెక్కేసి లోపలివైపు క్రిస్టలైన్ కోటింగ్ (కాంక్రీటు సందుల్లో స్ఫటికాలు కట్టి నీటిని అడ్డుకునే పూత) వేయించి, గోడ వెంట చిన్న కాలవ తీసి మూల సంపులోకి కలిపి సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టించండి. పంపుకి ఇన్వర్టరో జనరేటరో తప్పనిసరి, జనరేటరైతే పైన బయటే పెట్టాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటు ఎన్ని రోజులు లేదో మీకూ గుర్తుండే ఉంటుంది, వానా కరెంటు పోవడం ఎప్పుడూ కలిసే వస్తాయి. మీటరు బోర్డు సెల్లార్‌లో ఉంటే అది కూడా పైకి మార్పించాలి.

ఊసలు కనపడుతున్న చోట మాత్రం ఫాల్స్ సీలింగ్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తుప్పు పట్టిన ఇనుము రెండు మూడు రెట్లు ఉబ్బి కాంక్రీటుని లోపల్నించి పగలగొడుతుంది, సీలింగ్ వేసేస్తే ఎంత దూరం పోయిందో ఎవరికీ కనపడదు. స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిపించి చూపించండి, శ్లాబు కింద జాకీలు పెట్టాకే చెక్కనివ్వండి, ఊస చుట్టూ వెనకాల కూడా చెక్కి తుప్పు గీకాలి, మరీ సన్నబడిపోయిన చోట కొత్త ఊస కట్టించాలి. మీ నాలుగున్నర లక్షల్లో మొదటి రూపాయి దీనికే పెట్టండి, టైల్స్ ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

ప్రశ్న: ద్వారకానగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక మూల గోడ కట్టి వాచ్‌మన్ కుటుంబానికి గదిద్దామని కమిటీలో అనుకుంటున్నాం. పక్కనే జనరేటర్ ఉంది, పర్వాలేదా? (అసోసియేషన్ సభ్యుడు)

జవాబు: వద్దండీ. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే బయటికి పోదు, సెల్లార్ నేల మీదే పరుచుకుంటుంది, ఒక్క స్విచ్ వేస్తే చాలు, అంటుకుంటుంది. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన పిల్లల్ని పడుకోబెట్టని చోట వాళ్ళ పిల్లల్ని ఎలా పడుకోబెడతాం? పర్మిషన్ తీసుకుని గేటు పక్క నేల మట్టంలోనో టెర్రస్ మీదో గదివ్వండి.

ప్రశ్న: అల్లిపురంలో మాది పాత సున్నం గోడల ఇల్లు, కింద గదికి ఆరడుగుల ఎత్తే ఉంది. నేల రెండడుగులు తవ్వితే సరిపోతుందని మేస్త్రి అంటున్నాడు. పక్కింటి గోడా మా గోడా ఒకటే. (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, మేస్త్రిని గడ్డపార కింద పెట్టమనండి ముందు. పాత ఇళ్ళకి పునాది ఎక్కువ లోతుండదు, రెండడుగులు తవ్వితే గోడ కింద మట్టి జారిపోయి మీ ఇల్లూ పక్కిల్లూ రెండూ కూర్చుంటాయి. చేసే పద్ధతి ఉంది, గోడ పొడుగునా ఒకేసారి కాకుండా మూడు నాలుగడుగుల ముక్క తవ్వి, కింద కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక దూరంగా ఉన్న ఇంకో ముక్క తవ్వాలి, ఇంజినీర్ డ్రాయింగ్ లేకుండా మాత్రం కాదు, ఖర్చు కూడా మీరనుకున్న దానికి ఎన్నో రెట్లు. నా మాట వింటే తవ్వకుండా ఆ గదిని సామాన్లకే ఉంచుకోండి, గోడలకి సిమెంట్ కాకుండా మళ్ళీ సున్నంతోనే పూత పెట్టించండి, పాత గోడలో తడి బయటికి పోవాలంటే సున్నమే మంచిది.

తప్పదు, తవ్వాల్సిందే అనుకుంటే పక్కింటి వాళ్ళని కూర్చోబెట్టి అంతా చెప్పి, రెండు వైపులా గోడల ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోండి. ఉన్న బీటలకి అడ్డంగా సన్నటి గాజు ముక్కలు సిమెంట్‌తో అతికించి రోజూ పొద్దున్నే చూడండి. ఒక్క గాజు పగిలినా ఆ రోజు పని ఆపించి ఇంజినీర్‌కి ఫోన్ చెయ్యండి.